అడ్డం గీత

ఆ ఆదివారం నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మా ప్రభాకర్ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "అమ్మా, నీ కోడలుకు చెప్పు. ఒంటిగంటకు నేనొచ్చేసరికి అన్నం కావాలె. కాలేదంటె గా బడి బందు. ఇంగ మాటల్లేవ్." కోడలు రజని అక్కడే ఇల్లు ఊడుస్తోంది. ఆమెకు వినబడాలనే నాతో అన్నాడు. ఒకరితో అనాల్సిన మాటను ఇంకొకరి నెత్తిన పెట్టి పంపడం ఈ ఇంటి మగవాళ్లకు మా అత్త కాలం నుంచీ అలవాటే. మోసేవాళ్లం మేమే.

బడి అంటే పెద్ద బడేం కాదు. మాది గూడూరు. రోడ్డు వైపు గదిలో మావాడి ఫోటో స్టూడియో, వెనక మా కాపురం. రజని పెళ్లికి ముందే హన్మకొండలో ఒక స్టూడియోలో పని నేర్చుకున్న పిల్ల. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్ల ఆల్బంలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని సర్దేది ఆమే. అట్ట మీద పేరు మాత్రం మావాడిది. ఒకసారి నేనే అడిగితే "ఇంట్ల మనిషికి పేరెందుకమ్మా" అన్నాడు. ఈమధ్య పక్కింటి ఎల్లక్క తన మామిడికాయ తొక్కు పచ్చడిని అమ్ముదామని ఫోటో తీసి ఫోన్లో పెడితే "గీ బురదేంది" అని అడిగారట అందరూ. ఏడుపు ముఖం వేసుకుని వచ్చింది. "నేర్పుత రా అక్కా" అంది రజని. ఎల్లక్క వెంట తండా నుంచి జాకెట్లు కుట్టే సోని కూడా వచ్చింది. అట్లా ఆదివారాలు స్టూడియో గదిలో పాఠం మొదలైంది. "ఊరందరికి నేర్పితే నా దుకాణం ఎవలు ఎక్కుతరు?" అన్నాడు మావాడు. తొక్కు ఫోటోకు స్టూడియో దాకా ఎవరొస్తారు? ఆ మాట నిలవదని వాడికే తెలుసు. అందుకే గొడవను అన్నం మీదికి తెచ్చాడు.

ఆదివారాల వంట నేను ఎత్తుకున్నాను. నడుము ఎంత లాగినా కోడలి బడి ఆగొద్దని. ఒక ఆడమనిషి కూర్చోవాలంటే ఇంకో ఆడమనిషి లేవాలి. ఎవరు పెట్టిన పద్ధతో గానీ, అందులోకి మగవాళ్లను ఎవరూ పిలవరు.

కూర దించి, బియ్యం పెట్టే ముందు వాళ్లకు చాయ్ తీసుకుని వెళ్లాను. ఎల్లక్క తొక్కు గిన్నెకు ఫోన్ గురిపెట్టి ఉంది. నేను గడప దాటానో లేదో రజని గట్టిగా "అడ్డం! అడ్డం!" అంది. నేను గభాలున పక్కకు జరిగి గోడకు ఒత్తుకున్నాను. చాయ్ తొణికి చేతి మీద పడింది.

"అయ్యో అత్తమ్మా, నిన్ను గాదు! ఫోన్ అడ్డం పట్టుమన్న. ఎల్లక్క నిలువు పట్టింది."

"అవ్వకు అడ్డమంటె జరుగుడే ఎరుక" అని ఎల్లక్క పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

నిజమే, నాకు అదే ఎరుక. కొత్త కోడలిగా ఖాళీ బిందెతో మామకు ఎదురుపడితే "పొద్దుగాలనే అడ్డమొచ్చినవ్" అంది మా అత్త. మగవాళ్ల మధ్య నోరు విప్పితే మాటకు అడ్డం. టీవీ ముందు ఊడిస్తే ఆటకు అడ్డం. పెనిమిటి పోయాక శుభానికే అడ్డం. మావాడి పెళ్లిలో ఫోటోలు తీసే ఆయన "అవ్వా, జర అడ్డమున్నవ్" అన్నాడు, జరిగాను. ఆల్బంలో నా భుజం ఉంది, చెయ్యి ఉంది, చేతిలో అక్షింతల పళ్లెం ఉంది. ముఖం లేదు. ఎవరూ చూసుకోలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

రజని నా చేతి మీద చల్లటి నీళ్లు పోసి, కుర్చీలో కూర్చోబెట్టి, తన ఫోన్లో కెమెరా తెరిచి ఇచ్చింది. తెర మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డం గీతలు ఉన్నాయి.

"గివి ఫోటోల పడయి, మన కంటికి ఆసరా అంతే. గీతలు కలిసేకాడ గిన్నె పెట్టుండ్రి. నట్టనడుమ పెడితే బిగుసుకపోయినట్టుంటది. మనిషిని తీస్తె, ఆమె ఎటు జూస్తుందో అటు జాగ ఇడువాలె."

"ఎందుకక్కా?" అంది సోని.

"జూసే దిక్కు జాగ లేకుంటె ఊపిరాడనట్టు అనిపిస్తది."

"మా ఇంట్ల అటు గోడ, ఇటు మా అత్త. ఎటు జూడాలె?" అని సోని నన్ను చూసి నాలుక కరుచుకుంది. అందరికంటే ముందు నేనే నవ్వాను.

"నొక్కేముందు అంచులు జూడుండ్రి" అంది రజని. "ఎవలన్న సగం తెగుతుండ్రా? సగం మనిషిని ఇడువొద్దు. ఆమెను జరుగుమనకుండ్రి. మీరే ఎన్కకు జరిగి ఆమెను లోపటికి తీసుకోండ్రి."

ఆ మాట తర్వాత కాసేపు నాకు ఏమీ వినబడలేదు. జరగాల్సింది తీసేవాళ్లట! పెళ్లినాడు ఆ ఫోటోలాయన ఒక్క అడుగు వెనక్కి వేస్తే సరిపోయేది. ఆయన వేయలేదు. మా ఇంట్లోనూ ఎవరూ వేయలేదు. అన్నిసార్లూ నేనే జరిగాను. ఇంత చిన్న సంగతి తెలియడానికి నా జుట్టంతా నెరవాల్సి వచ్చింది.

బియ్యం పెట్టాలని గుర్తుంది. మరిచిపోయానంటే అబద్ధమవుతుంది. లేవబుద్ధి కాలేదు, అంతే. ఇన్నేళ్ల అలసట ఎక్కడ దాక్కుని ఉందో, కూర్చోగానే కాళ్లలోకి దిగింది.

బయట బండి ఆగింది. ప్రభాకర్ గడపలో నిలబడ్డాడు.

"అమ్మా, అన్నమైందా?"

"కాలే."

"ఎందుకు కాలే?"

"వండలే బిడ్డా."

వాడు నన్ను వదిలి రజని వైపు చూశాడు. "చెప్పిన గద. ఇంగ బందు. లెవ్వుండ్రి అందరు."

సోని లేచింది. ఎల్లక్క గిన్నె మీద మూత పెట్టింది. రజని వంటింటి వైపు నడిచింది. నా ముందు నుంచి పోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"కూసో రజనీ. నాకు ఒక్క ముక్క సమజ్ గాలే. మల్ల మొదటి సంది చెప్పు."

"అమ్మా, ఆకలైతుంది!" అన్నాడు మావాడు.

"కూర అయింది నాయినా. బియ్యం కడిగి పెట్టుకో. నీ పెండ్లాం నాకు పాఠం చెప్పాలె, జర ఆలస్యమైతది."

ఎల్లక్క మూత తీసి, గిన్నెను మళ్లీ బల్ల మీద పెట్టింది. వాడు లోపలికి పోయాడు. వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు. బియ్యం ఎందులో ఉంటాయో తెలియదు పాపం.

రజని నా పక్కన కూర్చుంది. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఏమీ రానిదానిలా తలూపుతూ విన్నాను. మొదటిసారికే నాకు అంతా అర్థమైంది.