మిల్కా బట్టీ

మిల్కా కుడిచేతిని మోచేతి దాకా బట్టీలోకి దించి, కాగిన లోపలి గోడకు రొట్టెను చరిచి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేడికి ఆ చేతి మీద వెంట్రుక మొలిచి ఏళ్లయింది. కణుపులు కాయలు కాచి, ఆలివ్ కొమ్మల్లా నల్లబారాయి. ఆ చేతుల్ని ఆమె ఎవరి ముందూ కొంగుచాటున దాచుకోలేదు. అంతియొకయ పట్టణంలో యూదుల వీధిలో శుక్రవారంనాడు ఆమె రొట్టె చేరని ఇల్లు లేదు.

యేసును నమ్మిన యూదులూ గ్రీకులూ ఆదివారం సాయంత్రం ఒక ఇంట్లో చేరి విరిచే రొట్టె కూడా ఆమె చేసిందే. శనివారం యూదుల సమాజమందిరంలో కూర్చుని ధర్మశాస్త్రం వినేది, కీర్తనలు పాడేది. మర్నాడు యేసు సంఘంలో అవే కీర్తనలు పాడేది. తల్లి గలిలయ నుంచి వలస వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో అదే అలవాటు.

ఈ మధ్య రెండు చోట్లా గొంతులు మారాయి.

ఆ శుక్రవారం పొద్దెక్కాక సమాజమందిరం పెద్ద హిల్కీయా వచ్చాడు. పోయిన ఆమె మొగుడికి ఆయన అన్న.

"ఆ యేసు గుంపుకి కాల్చే బట్టీ రొట్టె మాకొద్దంటున్నారమ్మా మనవాళ్లు. ఇటో అటో తేల్చుకో."

"తేల్చుకునేదేముంది బావగారూ? మెస్సీయ వచ్చాడని మా అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను. అంతమాత్రాన అబ్రాహాము నాకు తాత కాకుండా పోతాడా?"

ఆయన తన రొట్టెలు మాత్రం బుట్టలో సర్దుకునే వెళ్లాడు.

మధ్యాహ్నం సంఘం పరిచారకుడు నికాండ్రు వచ్చాడు. నిన్నగాక మొన్న విగ్రహాలు వదిలిన గ్రీకు యువకుడు.

"ఇంకా ఆ యూదుల మందిరానికెందుకమ్మా? అక్కడికి వెళ్లేవాళ్లు మనం రొట్టె విరిచే బల్ల దగ్గర కూర్చోకూడదని పెద్దలు అనుకుంటున్నారు."

మిల్కా చేతుల పిండి దులుపుకుని, నడుం నిటారుగా చేసి నిలబడింది.

"ప్రభువుకి పాలిచ్చి పెంచిందెవరు నాయనా? ఆయన విరిచిన రొట్టెకి పిండి పిసికిందెవరు? మా ఆడవాళ్లు. నువ్వు పాడే కీర్తన మా పాతకాలపు రాజు కట్టింది. మా ఇంటికి అల్లుడిలా వచ్చావు, సంతోషం. కూర్చో, తిను. ఇంటివాళ్లని లేచిపొమ్మనకు."

నికాండ్రు ముఖం ఎర్రబడింది. మెల్లగా అడిగాడు: "మరి ఆదివారం రొట్టె?"

"రేపు విశ్రాంతిదినం, నిప్పు ముట్టను. ఎల్లుండి పొద్దున్నే కాలుస్తాను. ఈ బట్టీలోనే."

ఆ సాయంత్రం కొన్ని ఇళ్లవాళ్లు రొట్టెకి రాలేదు. మిగిలిన వాటిని వీధి చివరి బిచ్చగాళ్లకి పంచి, మిల్కా తల ఎత్తుకునే ఇంటికొచ్చింది. పొద్దు వాలకముందే విశ్రాంతిదినపు దీపం వెలిగించి, వెచ్చని బట్టీ గోడకు వీపు ఆనించి కూర్చుంది. తెల్లారి పొరుగింటావిడ పలకరిస్తే పలకలేదు.

ఆదివారం పొద్దున మిల్కా పాడెకు ఒక పక్క హిల్కీయా, మరో పక్క నికాండ్రు భుజం పట్టారు. వెనక నడిచిన రెండు గుంపులూ ఒకే కీర్తన ఎత్తుకున్నాయి. రొట్టెకి రాని ఇళ్లవాళ్లూ వచ్చారు. మిల్కా మా మనిషి అని ఇరుపక్కలా గర్వంగా చెప్పుకున్నారు.

తిరిగొచ్చి ఇల్లు సర్దబోయిన ఆడవాళ్లకు గూట్లో చిన్న మట్టిగిన్నె కనిపించింది. మరుసటి రొట్టెల కోసం ఆమె తీసి ఉంచిన పులిపిండి ముద్ద, కప్పిన తడిగుడ్డను పైకెత్తుకుంటూ, అంచు దాటి పొంగుతోంది.