నీలం బకెట్లో పిప్పి

"ఇందులో మనం తినకూడనిది ఏదీ లేదండీ" అన్నది నీరజకు ఊతపదమైపోయింది. నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ రెండేళ్ళుగా ఒకటే పని పట్టుకు కూర్చున్న మనిషి. వినుకొండ రోడ్డులో వైన్ తయారుచేసే బ్రహ్మానందం ద్రాక్షల రసం పిండేశాక పారబోసే పిప్పిని ఈవిడ తెప్పించుకుంటుంది. ఆ తొక్కల్లో, గింజల్లో యాంటీఆక్సిడెంట్లు ఇంకా బోలెడు మిగిలి ఉంటాయి. వాటిని కొందరు మిథనాల్ అనే విషపు స్పిరిట్‌తో లాగుతారు. ఈవిడ మాత్రం నిమ్మ ఉప్పు, గ్లూకోజు, కాసిని నీళ్ళు కలిపి వెచ్చబెట్టిన పాకంతో లాగుతుంది. విషం లేదు, ఘాటు లేదు. రంగు దిగిన పిప్పిని కడిగి మూలనున్న నీలం బకెట్లో వేస్తే, ల్యాబ్ అటెండర్ ప్రేమమ్మ తన చూడి మేకకు పట్టుకుపోతుంది. ఆ బకెట్ చప్పుడు వింటే చాలు, మేక తాడు తెంపుకునేంత పని చేసేది.

ఈ పద్ధతి సంగతి విని, కొనే ఉద్దేశంతో హైదరాబాదు కంపెనీవాళ్ళెవరో చూడటానికి వస్తామన్నారు. అక్కడొచ్చింది తంటా. వాళ్ళొచ్చే రోజు పొద్దున పాకంలోకి రంగు సరిగా దిగలేదు. నీరజ బీరువా వంక చూసింది. బీరువాలో మిథనాల్ డబ్బా ఉంది. ఒక్కసారికేగా అనుకుని, తలుపేసుకుని కొత్త పిప్పిని అందులో నానబెట్టింది. రసం ఎర్రగా, చిక్కగా దిగింది. దాన్ని సీసాలో పోసి, తడిపిప్పిని చేతి అలవాటు కొద్దీ నీలం బకెట్లోనే కుమ్మరించింది. తర్వాత తీసి చెత్త డ్రమ్ములో వేద్దాంలే అనుకుంది. అలాంటి రోజున తర్వాత అనేది ఎక్కడుంటుంది?

కంపెనీవాళ్ళు వచ్చారు, సీసా చూసి మెచ్చుకున్నారు. నీరజ తన ఊతపదం చెప్పింది. అక్కడితో ఆగిందా? మిగిలిన పిప్పి కూడా మా ప్రేమమ్మ మేక తింటుందండీ అని గొప్పగా చెప్పింది. సరిగ్గా అప్పుడే ప్రేమమ్మ బకెట్ ఎత్తింది. వాళ్ళకు ముచ్చటేసి, ఇద్దరినీ తమ పక్కన నిలబెట్టి ఫొటో తీయించారు. ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఎందుకని వాళ్ళు అడుగుతారు. కొంచెమేగా, ఇంటికి చేరేలోపు ఆరిపోతుందిలే అని నీరజ తనకు తానే సర్దిచెప్పుకుంది. పిల్లలకు పాఠం చెప్పే మనిషికి మిథనాల్ సంగతి తెలియదా?

ప్రేమమ్మ రెండు రోజులు పనికి రాలేదు. మూడోనాడు వచ్చి చెప్పింది. మేక తూలి తూలి గోడలకు గుద్దుకుని, పొట్టలో పిల్లలతోనే పోయిందట. ఏం పెట్టావని పశువుల డాక్టరు అడిగితే, చేలో ఏదో మేసిందని చెప్పిందట.

"పిప్పి పేరెత్తితే మీ పనికి చెడ్డపేరొస్తదని చెప్పలా మేడం. నేనే ఆశపడి బకెట్ మొత్తం పెట్టా. తప్పు నాదే" అంది.

ఆ మాట విన్నాక నీరజకు వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి, మీరు చూసిన రసం మిథనాల్‌తో తీసిందని కంపెనీకి రాసేసింది. వాళ్ళు ఎక్కడో ఉన్నారు, రాయడం తేలికే. రోజూ ఎదురుగా బల్లలు తుడిచే మనిషికి చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, డబ్బా చూపించి, జరిగిందంతా చెప్పింది. బకెట్ ఎత్తడం చూశానన్న ఒక్కటి మాత్రం చెప్పలేకపోయింది.

ప్రేమమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఫోన్ తీసింది. ఆనాటి ఫొటో ముచ్చటపడి తన ఫోన్లో వేయించుకుంది మరి. రెండు వేళ్ళతో పెద్దది చేసి బల్ల మీద పెట్టింది.

"అందరూ ఎదురుగా చూస్తన్నారు. మీరొక్కరే బకెట్ వంక చూస్తన్నారు. ఎందుకా అని ఇన్నాళ్ళూ అనుకుంటన్నా" అంది. "అప్పుడే తెలుసా మేడం మీకు?" అని అడిగింది.

"తెలుసు" అంది నీరజ.