పొద్దున ఏడు పది

"రేపక్కడ నువ్వు ఎక్కువ మాట్లాడకు. ఏమడిగినా 'నాకేం తెలియదండీ' అను, చాలు" అన్నారు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. కాలర్ దగ్గర మడత ఎంతకీ పోవడంలేదు. నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దాను. "విన్నావా?" అన్నారు. విన్నాను. ఇరవై రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను, నా చెవులకేం లోటు లేదు.

రేపక్కడ అంటే వినియోగదారుల ఫిర్యాదులు విచారించే ఆఫీసులో. మాకు విమానం టికెట్లు చేసిచ్చిన ట్రావెల్ ఏజెంటు మీద, నష్టపరిహారం ఇప్పించమని ఆయన కేసు వేశారు. ఆయన వేశారు అనకూడదేమో, మేం వేశాం. మొదటి ఫిర్యాదుదారు ఆయన, రెండో ఫిర్యాదుదారు నేను. మూడు నెలల కిందట ఒకరోజు డ్యూటీకి పరుగెడుతూ చెప్పులేసుకుంటుంటే కాగితాల కట్ట తెచ్చి, ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నారు. ఎడంచేతిలో అన్నం డబ్బా, చంకలో గొడుగు, కుడిచేత్తో సంతకం. ఈ ఇంట్లో నా సంతకాలన్నీ అలా చెప్పులు తొడుక్కుంటూ పెట్టినవే.

అసలు జరిగింది చెప్తాను. మా అమ్మ వేరే ఊళ్ళో, అక్క దగ్గర ఉండేది. అక్క బట్టలు కుడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మని చేర్పించిన ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "డాక్టరు ఒకటి రెండ్రోజులంటున్నాడే. నిన్నే అడుగుతోంది" అంది. నేను నర్సుని. డాక్టర్లు 'ఒకటి రెండ్రోజులు' అంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడికక్కడే ఫోన్లో టికెట్ తీసుకుందామనుకున్నాను. మా ఆయన వద్దన్నారు. "ఒక్కదానివే ఎలా వెళ్తావు? మనవాడున్నాడుగా, ఇద్దరికీ చేయిస్తా" అన్నారు. ముప్ఫై మంచాల వార్డుని ఒంటిచేత్తో నడిపించే మనిషిని నేను, రెండు గంటల ప్రయాణం ఒక్కదాన్నే ఎలా చేస్తానని ఆయన బెంగ. పోనీ ప్రేమేమో అనుకున్నాను. ఇన్నేళ్ళలో చాలావాటిని అలాగే అనుకుని సరిపెట్టుకున్నాను.

మనవాడంటే ఆ ఏజెంటు. జిరాక్సు షాపు పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు, గోడకి విమానం బొమ్మ. అతనికో అలవాటుంది. టికెట్లు కవర్లో పెట్టి, బయట ఒక పసుపుపచ్చ చీటీ పిన్ను కొట్టి, బయల్దేరే టైము తన చేత్తో రాసిస్తాడు. 'పద్నాలుగు, పందొమ్మిది అంటే జనం తికమకపడతారు సార్, నేను మామూలు భాషలో రాస్తా' అంటాడు. చీటీ ఉన్నాక కవరు విప్పేవాళ్ళెవరు? ఆ ఊరికి అందరికీ ఎప్పుడూ సాయంత్రం విమానమే చేసేవాడట. ఆరోజు అందులో సీట్లు లేక పొద్దున విమానానికి చేశాడు. చేతికి మాత్రం పాత అలవాటు పోలేదు. చీటీ మీద 'రేపు సాయంత్రం 7.10' అని రాశాడు.

నేను కవరు విప్పాను. లోపల టికెట్ మీద 07:10 అని ఉంది. సాయంత్రమైతే 19:10 ఉండాలి. ఇదేం పెద్ద తెలివి కాదు, నా రోజువారీ పని. వార్డులో మందులిచ్చిన ప్రతిసారీ చార్టులో ఇరవైనాలుగు గంటల లెక్కలోనే టైము రాస్తాం. పొద్దున ఇవ్వాల్సిన ఇంజెక్షన్ సాయంత్రం పడితే మనిషి ప్రాణం పోతుంది కాబట్టి అలా రాస్తాం. మా పెద్ద సిస్టర్ నేను చేరిన మొదటిరోజే చెప్పింది, "అమ్మాయ్, ఇక్కడ రాయనిది జరగనట్టే" అని.

"ఏమండీ, ఇది పొద్దున ఫ్లైటండీ" అన్నాను.

ఆయన టీవీ మీంచి తల తిప్పలేదు. "చీటీ మీద సాయంత్రమని రాశాడుగా?"

"టికెట్ మీద సున్నా ఏడు ఉంది."

"ఇది మీ ఆస్పత్రి కాదు. వాడు పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు, వాడికి తెలీదా? లెక్కలు నీకెందుకు, నువ్వు బ్యాగు సర్దు."

"ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి, నా తృప్తి కోసం."

"చెప్తే వినవేం? ఈపాటికి షాపు కట్టేసి ఉంటాడు. వాడిముందు నన్ను వెర్రివాణ్ణి చేయకు."

అత్తయ్య సోఫాలోంచి అందుకుంది. "మావాడు చూసుకుంటున్నాడుగా అమ్మాయ్. ఏడ్చి ఏడ్చి ఉన్నావు, నీకు అంకెలు అలికినట్టు కనబడుతున్నాయి."

ఇక్కడే నన్ను నేను క్షమించుకోలేని సంగతి ఒకటుంది. ఏజెంటు నంబరు ఆ చీటీ మీదే ఉంది. ఫోను నా చేతిలోనే ఉంది. వార్డులో నాకు అనుమానం వస్తే ఎంత పెద్ద డాక్టరునైనా "ఒక్క నిమిషం సార్" అని ఆపేస్తాను, ఆయన కళ్ళెర్రజేసినా కదలను. అదే మనిషిని ఇంటి గడపలో చెప్పులు విడిచేసరికి నా కళ్ళమీద నాకే నమ్మకం పోతుంది. టికెట్ని దీపం కిందకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను. సున్నా ఏడు. కళ్ళు తుడుచుకుని చూశాను. సున్నా ఏడే. ఈ విమానాలవాళ్ళ పద్ధతి వేరేమో, పదేళ్ళ అనుభవమున్నవాడు తప్పు రాస్తాడా, నాకే ఏడుపులో మతి పోయిందేమో అనుకున్నాను. కవరు మూసేసి బ్యాగు సర్దాను.

మర్నాడు పొద్దున్నే లేచి, అత్తయ్యకి మూడురోజులకి సరిపడా వండి డబ్బాల్లో పెట్టి, ఏ డబ్బా ఏరోజు తినాలో కాగితాలు అంటించాను. కూర అడుగంటింది. ఆ గిన్నె తోముతూ గోడ గడియారం చూసి, 'అబ్బా, ఇంకా పన్నెండు గంటలా' అనుకున్నాను. సరిగ్గా ఏడూ పది అయింది. మా సీట్లు రెండూ ఖాళీగా పైకి లేచిపోతున్నాయి, నేను గిన్నె మాడు గోకుతున్నాను.

సాయంత్రం ఐదింటికి విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి టికెట్లు చూసి, "ఇది పొద్దున వెళ్ళిపోయింది మేడం" అంది. మా ఆయన పెద్ద గొంతుతో అరిచారు. ఆ అమ్మాయిని అరిచారు, ఏజెంటుని ఫోన్లో అరిచారు, పెట్టె సరిగ్గా పట్టుకోలేదని నన్ను అరిచారు. సాయంత్రం విమానంలో ఒక్క సీటు కూడా లేదు. అప్పుడే అక్క ఫోన్ చేసింది. అమ్మ నాలుగూ ఇరవైకి పోయింది.

పొద్దున విమానం తొమ్మిదీ పదికి దిగుతుంది. పదిన్నరకి నేను అమ్మ మంచం పక్కన ఉండేదాన్ని. అయిదు గంటల యాభై నిమిషాలు. ఎవరెవరి అమ్మలకో తడిబట్టతో పెదాలు అద్దాను, పొద్దుపోయేదాకా చేతులు పట్టుకు కూర్చున్నాను. నా కన్నతల్లికి చెయ్యలేకపోయాను. అక్క తర్వాత చెప్పింది, తలుపు చప్పుడైనప్పుడల్లా "చిన్నది వచ్చిందా?" అనేదట. "సాయంత్రం వస్తుందమ్మా" అని అక్క అంటే, "సాయంత్రం ఇంకెంతసేపట్లో అవుతుందే?" అందట.

ఇదిగో, దీనిమీద కేసు. మా ఆయన బంధువులందరికీ ఫోన్లు చేసి, "మా అత్తగారి కడసారి చూపు కూడా దక్కనీయలేదు వెధవ" అని చెప్పుకున్నారు. పరిహారం వస్తే బాల్కనీకి గ్రిల్ పెట్టిద్దామన్నారు. అత్తయ్య, బట్టలారేసుకోడానికి తీగలు కూడా కట్టించమంది.

ఇస్త్రీ అయ్యాక, ఆయన స్నానానికి వెళ్తే బల్లమీదున్న ఫైలు తీశాను. నా సంతకం కింద ఏముందో అప్పుడు చదివాను. 'మొదటి ఫిర్యాదుదారు అనుభవించిన తీవ్ర మనోవేదన' అని ఉంది. అమ్మ నాది, మనోవేదన ఆయనది. సరే, పోనీ. ఆ కింద ఉంది అసలు మాట. 'రెండవ ఫిర్యాదుదారు గృహకృత్యములలో నిమగ్నమై ఉండుట చేతను, ఇరవైనాలుగు గంటల సమయ పద్ధతి ఆమెకు తెలియనందు వలనను, టికెట్టును పరిశీలించి ఉండలేదు.'

రెండుసార్లు చదివాను. పందొమ్మిదేళ్ళుగా రాసిన చార్టులన్నీ కళ్ళముందు తిరిగాయి.

ఆయన తల తుడుచుకుంటూ రాగానే అడిగాను. "ఇదేంటండీ? నాకు టైము చూడ్డం రాదా?"

"లాయరు రాశాడులే. 'టికెట్ మీద టైముంది, చూసుకోవాల్సింది మీరే' అని ఆ ఏజెంటు వాదిస్తున్నాడు. మనింట్లో ఎవరూ చూడలేదంటేనే కేసు నిలబడుతుంది."

"నేను చూశానుగా."

"నువ్వు చూడ్డమేంటి?"

"ఆరోజు మీకు చెప్పాను. పొద్దున ఫ్లైటని. మీరు టీవీ చూస్తున్నారు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నా ముఖంలోకి చూశారు. దబాయిస్తారనుకున్నాను. దబాయించినా బాగుండేది. ఆయనకి నిజంగానే గుర్తులేదు. "అలా ఎప్పుడన్నావ్?" అన్నారు, మామూలుగా, సాక్సులు ఎక్కడ పెట్టావని అడిగినట్టు. నా మాట కాదన్నందుకు ఇన్ని నెలలూ లోపల్లోపల ఆయనతో పోట్లాడుతున్నాను. ఆ మాట ఆయన చెవి దాటి లోపలికి చేరనేలేదు. అమ్మకీ నాకూ మధ్య అడ్డుపడ్డది ఆయన కోపం కూడా కాదు. నేను మాట్లాడితే ఆయనకి ఫ్యాను తిరిగిన చప్పుడు.

పొద్దున ఆయనకి చొక్కా అందించాను. వండి డబ్బాల్లో ఏమీ పెట్టలేదు. నా బ్యాగు భుజాన వేసుకుంటే, "అంత పెద్ద బ్యాగెందుకు?" అన్నారు. కావాలన్నాను. మళ్ళీ అడగలేదు.

విచారణ గది చిన్నది. బల్ల వెనక జలుబు చేసిన అధికారి, పక్కన టైపు చేసే అమ్మాయి. ఏజెంటు గోడవారగా నిలబడ్డాడు, చిక్కిపోయాడు. నన్ను చూసి, "అక్కా, తప్పయిపోయిందక్కా" అన్నాడు. మా ఆయన, "ఏం మాటలు అక్కడ!" అని కసిరారు.

అధికారి చీటీ చూశారు, టికెట్ చూశారు. ఏజెంటు చెప్పింది విన్నారు, మా ఆయన చెప్పింది విన్నారు. ముక్కు తుడుచుకుని, "అమ్మా, మీరేం చేస్తుంటారు?" అన్నారు.

"ఇంటిపనేనండీ. ఏదో ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం" అన్నారు మా ఆయన.

"ఆవిణ్ణి అడిగాను."

"స్టాఫ్ నర్సునండీ. పందొమ్మిదేళ్ళ సర్వీసు."

అధికారి ఒకసారి ఫైల్లోకి, ఒకసారి నా వంక చూశారు. టికెట్ నా ముందుకి జరిపి, "ఈ టైమేమిటో చెప్పగలరా?" అన్నారు.

పక్కనుంచి మా ఆయన కాలు నా కాలికి తగిలింది. నాకేం తెలియదండీ. నాలుగు ముక్కలు కూడా లేవు, ఇరవై రెండేళ్ళుగా నోట్లో నానినవే. అనేస్తే ఇంటికెళ్ళి అన్నం పెట్టుకోవచ్చు, బాల్కనీకి గ్రిల్ వస్తుంది.

"పొద్దున ఏడు పది" అన్నాను.

"ఇది ఆరోజు చూశారా?"

"చూశానండీ. ముందురోజే చూశాను. చెప్పాను కూడా."

"ఎవరికి?"

"ముందు ఈయనకి చెప్పాను, వినలేదు. తర్వాత నాకు నేను చెప్పుకున్నాను, నేనూ వినలేదు."

మా ఆయన లేచి, "తల్లి పోయిన దుఃఖంలో ఏదో మాట్లాడుతోందండీ" అన్నారు. అధికారి ఆయన్ని కూర్చోమని, "అమ్మా, ఇది రికార్డయితే మీ కేసు బలహీనపడుతుంది. ఆలోచించుకోండి" అన్నారు, కొంచెం జాలిగానే.

"తప్పు రాసింది ఆ అబ్బాయే, అది తప్పేనండీ. దానికి మీరు ఎంత వేస్తే అంత కట్టనివ్వండి. కానీ నాకు టైము తెలియదని రాశారు, అది అబద్ధం. నాకో కాగితమివ్వండి, జరిగింది నేను రాసిస్తాను."

ఇచ్చారు. అలవాటుకొద్దీ ముందు మార్జిన్లో టైము వేశాను, 11:40. చార్టు రాసినట్టే రాశాను. ఏది ఎప్పుడు చూశాను, ఎవరికి ఏం చెప్పాను, ఎవరేమన్నారు, నేను చేయగలిగీ చేయనిదేమిటి, అమ్మ ఎన్నింటికి పోయింది. కింద సంతకం పెట్టాను. కూర్చుని, నిదానంగా, చదువుకుని మరీ పెట్టాను.

వరండాలోకి రాగానే మా ఆయన పళ్ళు కొరుకుతూ, "పరువు తీశావ్. పద, ఇంటికెళ్ళి మాట్లాడదాం" అన్నారు.

"నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. టికెట్ తీసుకున్నాను."

"ఎవడు చేశాడు టికెట్?"

"నేనే."

ఆయన నా బ్యాగు వైపు చూశారు, అప్పుడు అర్థమైనట్టుంది. "ఎన్నింటికి ఫ్లైటు?" అన్నారు చివరికి.

"పందొమ్మిది పది" అన్నాను. "లెక్కేసుకోండి."