మూడు చెంచాల ఉప్మా

మా ఊరి బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే సదాశివ సారు ఒకే పాఠాన్ని పది రోజులు చదివించేవాడు. పుస్తకం ఎక్కడ తెరిచినా ఆ పేజీయే వచ్చేలా దాన్ని కుట్టు దగ్గర విరిచి పెట్టేవాడు. చదివేవాణ్ణి నేనే. ఇన్‌స్పెక్టర్ భేష్ అనేవాడు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అక్కడ నేర్చుకున్నవాటిలో మిగిలింది ఇదొక్కటే. సర్కారు మనిషి చూడ్డానికి వస్తే బాగున్నదే చూపించాలి.

నా బిడ్డ యామినికి ఇరవై ఆరేళ్లు. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదన్నారు. నడవదు, మాట్లాడదు. ఇంటికి కొత్త మనిషి వస్తే నవ్వుతుంది. వాళ్లమ్మ కమలాబాయి ఇరవై రెండేళ్లు ఎత్తి దించింది. ముందు నడుము పోయింది, తర్వాత మనిషే పోయింది. చావుకొచ్చిన చుట్టాలు తలా ఒక సలహా చెప్పి వెళ్లారు. మళ్లీ ఎవరూ రాలేదు. నేను పిలవనూ లేదు.

ఆ తర్వాత ఇంటికే మనిషిని పంపే పథకం ఒకటి వచ్చింది. చిలకలగూడలోని మా గల్లీకి సలోమి వచ్చేది. రోజూ పొద్దున రెండు గంటలు. స్నానం చేయించి, కాళ్లూ చేతులూ సాగదీసి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లేది. నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. నిండు బిందె ఎత్తవద్దన్నాడు డాక్టరు. యామిని నలభై ఆరు కిలోలు.

ఒకరోజు సలోమి అంది: "బాబాయ్ గారూ, పథకం వల్ల లాభం ఉందా లేదా అని సర్వే చేస్తున్నారంటండి. లేదని తేలితే మొత్తం ఎత్తేస్తారంట."

"ఎప్పుడొస్తరు?"

"పది రోజుల్లో అంటండి."

పది రోజులు నాకు చాలు. యామిని చేతికి చెంచా ఇచ్చాను. ముందు ఉప్మా చెంపకు పూసుకుంది, తర్వాత ముక్కుకు. ఎనిమిదో రోజుకు మూడు చెంచాలు నోట్లోకి వెళ్లాయి. నాలుగోది ఒళ్లో పడింది. ఆ తర్వాత గంటసేపు చెయ్యి వణికింది. అందుకని మూడో చెంచా కాగానే చప్పట్లు కొట్టి పళ్లెం తీసేయడం అలవాటు చేశాను.

"పాపని ఎందుకండీ అలా హింస పెడతారు?" అంది సలోమి.

"నీ నౌకరి నిలవాలెనా, వద్దా? సప్పుడు చెయ్యకు."

సర్వేకి యుగంధర్ అనే కుర్రవాడు వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. ట్యాబ్ తీశాడు.

"టెన్షన్ తీసుకోకుండ్రి అంకుల్. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

"చెప్పుడేంది? చూడు."

యామిని మూడు చెంచాలు తింది. నేను చప్పట్లు కొట్టాను. అతనూ కొట్టాడు. పళ్లెం తీసేశాను.

"ఇంతకుముందు తినకపోతుండెనా అంకుల్?"

"చెంచా సుత పట్టకపోతుండె. అంతా పథకం పుణ్యమే."

రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

రెండు నెలలకు కాగితం వచ్చింది. పథకం కొనసాగుతుంది. మా యామిని తనంతట తాను తినే స్థితికి వచ్చింది కాబట్టి, సలోమిని అవసరం ఎక్కువున్న ఇంటికి మార్చారు. తిరుమలగిరిలో ఎవరిదో ఇల్లు.

"ఇట్ల చేస్తరని ముందుగాల చెప్పొద్దా?" అన్నాను.

"నాకు మాత్రం ఏం తెలుసండీ? చూపించింది మీరే కదా బాబాయ్ గారూ!" కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆఫీసుకు వెళ్లాను. మళ్లీ చూడమని దరఖాస్తు రాయమన్నారు. రాశాను. పందొమ్మిది రోజులు బిడ్డను దుప్పటి మీద పడుకోబెట్టి బాత్రూం దాకా ఈడ్చాను. చెంచా అటక మీద పడేశాను.

ఇరవయ్యో రోజు యుగంధరే వచ్చాడు. అంతకుముందే యామినికి చెప్పాను. "ఇయ్యాల తినకు బిడ్డా. చెయ్యి లేపకు." నవ్వింది.

"అప్పుడు నేను నేర్పించి చూపించిన. మూడు చెంచాలే తింటది. నాలుగోది చేతకాదు," అన్నాను.

"సరే అంకుల్, నాలుగోది చూస్త. నేను చూసిందే రాయాలె గద."

అటక మీంచి చెంచా దించి, ఉప్మా పళ్లెం పెట్టాను. యామిని అతన్ని చూసింది. ముఖం వెలిగింది. చెంచా ఎత్తింది. ఒకటి.

"వద్దు బిడ్డా."

రెండు. మెల్లగా, చెయ్యి వణుకుతుండగా, మూడు.

చెంచా పళ్లెంలో పెట్టేసింది. నా వైపు చూసింది.

"ఇంకోటి తిను. జెర తిను బిడ్డా," అంటూ చెంచా మళ్లీ చేతిలో పెట్టాను. వదిలేసింది. పళ్లెం ఎప్పుడు తీస్తానా అని చూస్తోంది.

యుగంధర్ చాలాసేపే ఆగాడు. "ఇగ ఆకలి లేదేమో అంకుల్," అన్నాడు తల దించుకుని. ట్యాబ్ మీద వేలు కదిపాడు.

యామిని ఇంకా నా చేతులనే చూస్తోంది.

చప్పట్లు కొట్టాను.