మొక్కజొన్న చేను చుట్టూ తీగ

బూర్గంపాడు దాటాక అడవి అంచున వన్యప్రాణుల సంరక్షణ కేంద్రం ఉంది. సుజాత టీచర్ తన బడిపిల్లలను ఆటోల్లో అక్కడికి తీసుకొచ్చింది. గేటు పక్కన బోర్డుల మీద ప్రకృతిని ప్రేమించండని రాసి ఉంది. బోర్డులకేం, ఎన్నయినా రాసుకోవచ్చు.

చివరి కంచెలో ఒక దుప్పి మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. నాలుగోది మోకాలి కింద లేదు.

"కుంటాటలో దీన్ని ఎవ్వడు గెలువడురోయ్!" అన్నాడు సతీష్. పిల్లలంతా నవ్వారు.

మేత వేస్తున్న గంగయ్య నవ్వలేదు. "కరెంటు తీగ తగిలింది బిడ్డా. పందులు రాకుండ ఎవరో చేను చుట్టూ కట్టిండ్రు. కాలు మాడిపోతే డాక్టర్ సారు తీసేసిండు. దీని తల్లి ఆడనే పడి సచ్చింది."

"మనిషికి తగిల్తేనో?" దుర్గ అడిగింది.

"తగిల్తే ఏముంటది? గంతే."

దుర్గ పక్కనున్న నాగలత దుప్పి తెగిన కాలినే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ నాన్న వెంకటనారాయణ రోజూ పొద్దుగూకితే మోటారు స్టార్టరు నుంచి మొక్కజొన్న చేను చుట్టూ అలాంటి తీగే లాగుతాడు. గేదెను కట్టేసినంత మామూలు పని అనుకుంది ఇన్నాళ్ళూ.

తిరుగు ఆటోలో దుర్గ నాగలత పక్కనే కూర్చుంది. "రేపు బడికి లేటైతది లతా. అమ్మెంబడి ఇప్పపూలకు పోవాలె. చీకట్లనే పోయి, పశువులు మేయకముందే ఏరుకోవాలె."

"ఏ దారిన పోతారు?"

"వాగు దిక్కు పూత అయిపోయింది. రేపటి సంది మీ చేను గట్టు మీదికెళ్ళే పోతం."

ఆటో దిగగానే నాగలత సంచి అరుగు మీద పడేసి చేను దగ్గరికి ఉరికింది. వెంకటనారాయణ అప్పటికే తీగ లాగేసి స్టార్టరు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వెయ్యకు నాన్నా. రేపు దుర్గ, వాళ్ళమ్మ జంపక్క ఈ గట్టు మీదే వస్తారు."

"పందులు నీకేమన్నా చుట్టాలా? ఇంకో పది రోజులైతే పంట ఇంటికొస్తుంది. తెల్లారకముందే తీసేస్తాలే, పో."

"నిన్న నిద్రపోయావు. నేను బడికి బయల్దేరినప్పుడు కూడా కరెంటు ఉంది."

అతను స్టార్టరు మీద చేయి వేశాడు.

"ఇక్కడ తీగ ఉందని వాళ్ళకెవరికైనా చెప్పావా?"

దొంగతనంగా లాగిన కరెంటు గురించి ఎవరు చెప్పుకుంటారు? ఈ వైపు చేలల్లో సగం తీగలు ఇలాగే ఉన్నాయి, ఎవడూ నోరు విప్పడు. పందులు పంట తొక్కితే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగేది రైతుకే, అబద్ధం కాదు. అయినా అవతలివాళ్ళ ప్రాణం తీసే హక్కు ఆ కష్టంలోంచి పుట్టదు.

నాగలత వంగి తీగను రెండు చేతులా పట్టుకుంది.

"ఇప్పుడు వెయ్యి."

"వదులు! వదలవే!" అరిచాడు. ఆమె వదల్లేదు.

వెంకటనారాయణ స్టార్టరు మీద నుంచి చేయి తీశాడు. తీగ కొసను పెట్టెలోంచి ఊడబెరికి కింద పారేశాడు. ఇంటికెళ్ళి ఖాళీ నూనె డబ్బా, కర్ర తెచ్చుకుని మంచె ఎక్కాడు.

రాత్రంతా డబ్బా మోగింది. అయినా పందులు పడ్డాయి. తూర్పు మూల నేలమట్టం చేసిపోయాయి.

మసక వెలుతురులో జంపక్క బుట్టతో వచ్చింది, వెనక దుర్గ. విరిగిపడిన కంకులు చూసి ఆగింది. "అయ్యో, పందులు పడ్డయా అయ్యా?"

"పడ్డాయి."

"పాపం," అని ఆమె గట్టెక్కింది. వెంకటనారాయణ పంట వైపు చూడలేదు. చెప్పుల్లేని ఆ తల్లీబిడ్డల కాళ్ళు గట్టు దాటేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.