అడిగేదీ తనే, చెప్పేదీ తనే

యాదమ్మ రెండు చోట్ల గెలిచింది. ఊరికి సర్పంచ్‌గా ఒకటి, తన వాడకు వార్డు మెంబరుగా ఒకటి. శంకర్‌పల్లి అవతల ఉన్న ఆ ఊళ్లో ఇలాంటిది ఎవరూ ఎరగరు. రోజూ పొద్దున్నే బస్సెక్కి లింగంపల్లి మీదుగా మాదాపూర్ వచ్చి, ఒక అద్దాల మేడలో ఎనిమిదో అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి ఆమె. సెలవు ముగించుకొని పనిలోకి రాగానే సాఫ్ట్‌వేర్ పిల్లలు చుట్టుముట్టారు.

"కంగ్రాట్స్ యాదమ్మగారూ! రెండు పోస్టులండి! మాకు ఒక్క ప్రమోషనే రావట్లేదు," అన్నాడు వాళ్లలో జశ్వంత్ అనే కుర్రాడు.

అందరూ నవ్వారు. యాదమ్మ కూడా నవ్వింది గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. రెండు కుర్చీలు ఒక్కరికి కుదరవని, శుక్రవారంలోగా ఏదో ఒకటి వదులుకోవాలని ఎన్నికల అధికారి ముందురోజే చెప్పాడు.

సర్పంచ్ పదవి వదలడానికి మనసొప్పదు. వార్డు వదిలితే మళ్ళీ ఎన్నిక వస్తుంది. అప్పుడు గెలిచేది తోటికోడలు నీలమ్మే. మొన్న ఆమె ఓడింది వేళ్ల మీద లెక్కపెట్టే ఓట్ల తేడాతోనే. అసలు యాదమ్మ వార్డుకు నిలబడిందే నీలమ్మను రానివ్వకూడదని. ఆడపడుచు బిడ్డ పెళ్లిలో యాదమ్మ దగ్గరుండి వండించిన బగారన్నం ఉడక్క పలుకుపలుకుగా ఉందని నీలమ్మ నలుగురిలో అనేసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ నీలమ్మ పనిచేసేది కూడా ఇదే మేడలో, తొమ్మిదో అంతస్తులో. లిఫ్టులో ఎదురైతే ఒకరు గోడను చూస్తారు, ఇంకొకరు మారే అంకెలను చూస్తారు.

బస్సు దిగి పనిలోకి వెళ్లే ముందు వీధి మలుపులోని పోచమ్మ గుడి దగ్గర ఆగడం యాదమ్మకు అలవాటు. మర్నాడు కూడా చెప్పులు విడిచి నిలబడింది.

"తల్లీ, రెండూ నాకే ఉండేటట్టు చూడు. రెండు చేతులిచ్చినవు, రెండు పనులు చెయ్యలేనా?"

అన్నదే గాని, మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. వాడకు నీళ్లు రాకపోతే వార్డు మెంబరు లేచి సర్పంచ్‌ను అడగాలి. అడిగేదీ తనే, జవాబు చెప్పేదీ తనే అయితే ఆ నీళ్లు ఎప్పటికి వచ్చేను? ఈ అమ్మవారి గద్దె మీద కూడా తనే కూర్చుంటే, ఎదురుగా నిలబడి మొక్కేదెవరు? మొక్కేదీ తనే, తీర్చేదీ తనేనా?

అడిగినవాళ్ల చేతే జవాబు చెప్పించడం అమ్మవారి పద్ధతి. యాదమ్మ బొట్టు పెట్టుకొని వచ్చేసింది.

మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె తొమ్మిదో అంతస్తుకు వెళ్లింది. నీలమ్మ డబ్బా మూత తీస్తోంది.

"అక్కా."

నీలమ్మ తలెత్తి చుట్టూ చూసింది. "ఎవల్నే, నన్నేనా? సర్పంచమ్మ తొవ్వ తప్పినట్టుంది. నీ అంతస్తు కింద ఉన్నది."

"వార్డు వదులుతున్న. నువ్వు నిలబడు."

"ఏంది, రెండు కుర్చీలల్ల కూసుంటే నడుం నొస్తున్నదా?"

"నల్లాల నీళ్లు రాకుంటే నన్ను నేనే తిట్టుకోవాలె అక్కా. గది నాతోని కాదు. తిట్టుడు నీకే మంచిగొస్తది."

పక్కన తింటున్న భవానికి పొలమారింది. ఆ అంతస్తులోనే పనిచేసే పిల్ల అది. నీలమ్మ దాని నెత్తి మీద రెండు తట్టి, యాదమ్మ వైపు తిరిగింది. ఆమె పెదవుల మూలల్లో నవ్వు ఆగడం లేదు.

"నేనొస్తే మీటింగుల నోరు మూసుకోను. ముఖం మీదనే అంట. మళ్ల అలగద్దు."

"అలుగుత," అంది యాదమ్మ. "అయినా నువ్వు అను."

"గట్లయితే ఇప్పుడే అడుగుత. అంగన్‌వాడి కాడ లైటు ఎప్పుడు పెట్టిస్తవు? పిల్లలు చీకట్ల తట్టుకొని పడుతున్నరు."

"ఇంకా ప్రమాణమన్న చెయ్యలేదు గదనే అక్కా!"

"నేను గూడ ఇంకా గెలువలే. అయినా అడుగుతున్న గద?" అంటూ నీలమ్మ పక్కనున్న కుర్చీని కాలితో ఇవతలికి లాగింది. "కూసో. జవాబు చెప్పినంకనే లెయ్యి."