ఉత్తుత్తి పరుగులు

ఇది ఉక్కపోత చెమటే అయ్యుంటుంది, కాకపోతే ఫ్యాను నెత్తిమీద గిర్రున తిరుగుతోంది, ఫ్యాను కింద ఉక్కపోత ఏమిటి, కటింగ్ మాస్టారు కత్తెర ఆపి మెడ తుడుచుకున్నాడు, మెళ్ళో టేపు తడిసి అతుక్కుంది, నీలం కోటు గుడ్డ మీద సుద్దగీత సగంలో ఉంది, భుజం దగ్గర వంపు తిప్పాలి, ఇప్పుడు చెయ్యి వణికితే గుడ్డ పాడు, షుగర్ పడిపోయిందేమో, పొద్దున ఇన్సులిన్ వేసుకుని టిఫిను సగమే తిన్నాడు కదా, అదే అయ్యుంటుంది, జేబులో చాక్లెట్ ఉంది, నోట్లో వేసుకుంటే సరి, కానీ ఆ మొదటిసారీ ఇలాగే అనుకున్నాడు, ఈ బల్ల దగ్గరే, ఇదే చెమట, గ్లాసుడు పంచదార నీళ్ళు గటగటా తాగి గుడ్డల తానుల మీద వాలిపోయాడు, ఛాతీలో నొప్పా పాడా, మర్నాడు ఆయాసం తగ్గక ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఈసీజీ చూసి, మాస్టారూ, నిన్న మీకొచ్చింది గుండెపోటండీ, అన్నాడు, నొప్పి లేకుండా గుండెపోటేమిటండీ అంటే, ఏళ్ళ తరబడి షుగరుంటే నరాలు మొద్దుబారతాయి, కొందరికి నొప్పి తెలీదు, అన్నాడు, సొంత ఒళ్ళే ఇంత మోసం చేస్తే ఇంకెవర్ని నమ్మాలి.

ఎదురుగా కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తకుండానే, ఏవండీ, కత్తెర చప్పుడు ఆగిపోయిందేం, అంది, ఏం లేదు, సుద్ద అరిగింది, అన్నాడు, అబద్ధం నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో, చెప్తే ఏమవుతుందో తెలుసు, షట్టరు దించడం, ఆటో, ఆసుపత్రి, ఆ నర్సమ్మ నవ్వు, ఏం మాస్టారూ, మళ్ళీ వచ్చారా, ఆ మంచమేదో మీ పేరున రాసిచ్చేస్తాం లెండి, పోయినసారి అజీర్తి, అంతకుముందు నిజంగానే షుగర్ పడిపోవడం, దానికి ముందు ఒట్టి భయం, పక్క కొట్టు గడియారాలాయన కూడా, షికారుకెళ్ళొచ్చారా అని అడుగుతున్నాడు, పరువు పోతోంది, రేపటికి ఈ కోటు ఇవ్వాలి.

ఆ గుండెపోటుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం లెక్చరరుకీ షుగరే, ఆయనకీ గుండెపోటే, ఇద్దరూ ఆ చప్పిడి తిండిని తిట్టుకుంటూ తిన్నారు, ఇంకెన్నాళ్ళండీ మాకు అని డాక్టర్ని అడిగింది ఆయనే, షుగరున్నవాళ్ళకి మళ్ళీ వచ్చే ముప్పు ఎక్కువేనండీ, అయినా ఏళ్ళకేళ్ళు బతికేవాళ్ళున్నారు, మందులు మానకండి, తేడాగా ఉంటే ఇంట్లో కూర్చోకండి, అన్నాడు డాక్టరు, లెక్చరరు మొన్న చలికాలం పోయాడు, మందులు ఒక్కపూటా మానలేదట, పలకరించడానికి వెళ్తే ఆయన భార్య చెప్పింది, సాయంత్రం నుంచీ నీరసంగా ఉందంటే వెళ్దాం పదండి అన్నాను, ఊరికే మాటిమాటికీ వెళ్తే నవ్వుతారే, పొద్దున చూద్దాం, అన్నారండీ, తెల్లారేసరికి పోయారు, అంది ఆవిడ, మాస్టారు అక్కడ కూర్చోలేక లేచి వచ్చేశాడు.

సొరుగులోంచి షుగర్ మిషను తీశాడు, వేలికి గుచ్చుకోవాలంటే ఎన్నడూ లేని భయం, తక్కువ వస్తే చాక్లెట్‌తో పోయింది, తక్కువ రావాలి దేవుడా, ఇన్నేళ్ళూ ఈ అంకె ఎక్కువైందని ఏడ్చినవాడు ఇవాళ తగ్గాలని మొక్కుతున్నాడు, రక్తపు బొట్టు, అంకె వచ్చింది, డాక్టరు చూస్తే భుజం తట్టే అంకె, ఎక్కువా కాదు తక్కువా కాదు, అంటే ఈ చెమట షుగర్‌ది కాదు, పోనీ ఆ ఒక్క వంపూ తిప్పేసి చూద్దామా, కాసేపు కూర్చుంటే అదే తగ్గుతుందేమో, పొద్దున చూద్దాం, అరె, ఇది ఎవరి మాట, తన నోట్లోకి ఎలా వచ్చింది, లెక్చరరు పోయింది జబ్బుతో సగం, సిగ్గుతో సగం, ఉత్తుత్తి పరుగు అని తేలింది వెళ్ళొచ్చాకే కదా, గడప దాటేటప్పుడు ఏది ఉత్తిదో ఏది అసలుదో తనకేం తెలుసు, ఇదిగో, షట్టరు దించు, నాకు చెమటలు పడుతున్నాయి, షుగర్ బాగానే ఉంది, అన్నాడు, భార్య సూది గుడ్డకే వదిలేసి లేచింది, అజీర్తని తేలితే నర్సమ్మ నవ్వుతుంది, నవ్వనీ, ఇన్నేళ్ళూ తను బతుకుతూ వచ్చింది నవ్వులపాలవుతూనే కదా.